వీపు మీద జేబు

ఆ పురపాలక సంఘం పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు మాది కాదంటారు, పక్క ఊరివాళ్ళు మాదేనంటారు. ఎందుకొచ్చిన తంటా. కోస్తాలో ఓ మోస్తరు పట్టణం అనుకోండి, చాలు. అందులో కుళాయిల విభాగం సీనియర్ అసిస్టెంటు రంగనాయకులు. ఏ వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఆయనకు తెలుసు. అడిగినవాళ్ళకు తెలియనట్టు కనబడడం అంతకంటే బాగా తెలుసు. ఇంట్లో భార్య తాయారు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన చొక్కా గుండీ ఊడితే ఆవిడే కుట్టాలి. సూదిలో దారం ఎక్కించడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య అని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి కమిషనరు దివాకరబాబు గారు గండి కొట్టారు.

దివాకరబాబు గారు చెడ్డవారేం కాదు. ఆయనకు డబ్బాశ లేదు, కోపం లేదు. ఉన్నదల్లా ఉత్సాహం. శిక్షణ కోసం రాజధానికి వెళ్ళొచ్చినప్పుడల్లా, జాతరకు వెళ్ళినవాడు జలుబు తెచ్చుకున్నట్టు, ఓ కొత్త ఉత్సాహం తెచ్చుకునేవారు. ఓసారి సైకిలు. సిబ్బందంతా సైకిళ్ళ మీదే రావాలన్నారు. ఆ సైకిళ్ళ స్టాండుకు ఇప్పుడు కాకరపాదు పాకింది. ఇంకోసారి నవ్వు. ప్రజలతో నవ్వుతూ మాట్లాడాలన్నారు. మరణ ధ్రువపత్రాల కౌంటరులో నవ్విన గుమస్తా చెంప ఎవరో పగలగొట్టాక ఆ పథకం ఆగింది.

ఈసారి రైల్లో వస్తుంటే ఎదురు సీటావిడ ఫోనులో వీడియో చూపించిందట. ఓ అమ్మాయి ఇంట్లో మూలపడి ఉన్న దుప్పటి కత్తిరించి, చొక్కా కుట్టి, వేసుకుని గిర్రున తిరిగింది. పైసా ఖర్చు లేదు. దివాకరబాబు గారు రైలు దిగేలోపే సర్క్యులరు రాసేశారు.

దాన్ని మేనేజరు కోటిలింగం సిబ్బందిని పిలిచి చదివి వినిపించాడు. కోటిలింగం ఎందరో కమిషనర్లను చూసినవాడు. ఏ కమిషనరుకు ఏ పిచ్చి పట్టినా ఒకే ముఖంతో అమలు చేసేవాడు.

"తెలియజేయునది ఏమనగా, ఈ కార్యాలయపు సిబ్బంది యావన్మందియు తాము ధరించు వస్త్రములను తామే, స్వహస్తములతో కుట్టుకొనవలెను. ఇందు నిమిత్తము కొత్త గుడ్డ కొనుట, దర్జీని ఆశ్రయించుట, జీవిత భాగస్వామి చేత కుట్టించుకొనుట తీవ్రముగా పరిగణించబడును. గృహములయందు నిరర్థకముగా పడియున్న వస్త్ర నిల్వలను మాత్రమే వినియోగించవలెను. రాబోవు సోమవారము నాడు సదరు వస్త్రములను ధరించి హాజరు కావలెను."

"పంచె కట్టుకునేవాళ్ళ సంగతేంటండీ? పంచెకి కుట్టేముంది?" అని పన్నుల విభాగంలోంచి ఎవరో అడిగారు.

"అంచు విప్పి మరల కుట్టవలెను," అన్నాడు కోటిలింగం, కాగితం చూడకుండానే.

తాయారు అప్పుడు ఊళ్ళో లేదు. అక్కగారింట్లో గృహప్రవేశానికి వెళ్ళింది. రంగనాయకులు ఫోను చేశాడు.

"తాయారూ, ఇంట్లో పాత గుడ్డేమైనా ఉందా?"

"దేనికండీ?"

"చొక్కా కుట్టాలి."

"ఎవరు?"

"నేనే."

"ఒళ్ళు వెచ్చగా ఉందా ఏంటి? చెయ్యి పెట్టి చూసుకోండి," అంది. సర్క్యులరు సంగతి చెప్పాక నమ్మింది. "ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన మీ పాత పంచె ఉంది. అది తీసుకోండి. కత్తెర అడుగున ఉంటుంది. మిగతావి కెలక్కండి, మీకు పుణ్యం ఉంటుంది."

రంగనాయకులు చెప్పిన మాట వినే మనిషి. ముందు కత్తెర కావాలి కదా అని పెట్టెలో బట్టలన్నీ ఒకటొకటిగా తీసి మంచం మీద పేర్చాడు. అడుగున కత్తెర దొరికింది. మళ్ళీ బట్టలన్నీ పెట్టెలో పెట్టేశాడు, ముందు తీసింది ముందు, తర్వాత తీసింది తర్వాత. అలా పైనున్న పంచె అడుగుకు పోయి, అడుగున ఉన్నది పైకొచ్చింది. తర్వాత తాయారు చెప్పినట్టే అన్నిటికంటే పైనున్న గుడ్డ తీశాడు.

తెల్లటి నూలుగుడ్డ. ఎర్ర అంచు. అక్కడక్కడా పసుపు మరక. పంచెకు పసుపు మరకేమిటని అనుమానం రాకపోలేదు. ఎప్పుడో పప్పు ఒలికిందనుకున్నాడు. పంచె మరీ పొడుగ్గా ఉందేమిటని కూడా అనిపించింది. వెనకటి నేతవాళ్ళు ధర్మాత్ములు అనుకున్నాడు.

ఆఫీసు చొక్కా ఒకటి గుడ్డ మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసి, గీత మీదే కత్తిరించాడు. కుట్టుకు నాలుగువైపులా కాస్త వదలాలని ఎవరూ చెప్పలేదు. కుట్టాక చెయ్యి దూర్చితే మోచేతి దగ్గర ఆగిపోయింది. రెండో చొక్కాకు ఒళ్ళు సరిపోయిందిగానీ రెండు చేతులూ ఎడమచేతికే పనికొచ్చేవి వచ్చాయి. మూడోది కాస్త కుదిరింది. ముందుభాగం చీల్చి గుండీలు పెట్టాడు. కొంగులాంటి మూలముక్క ఒకటి అంచుతో సహా అందంగా కనిపిస్తే దాన్ని జేబుగా కుట్టాడు. ఆ తర్వాత మెడ కత్తిరించాడు, కానీ రెండో ముక్కకు. ఎటు వేసుకున్నా ఒకటే చిక్కు. గుండీలు ముందుకు పెట్టుకుంటే మెడ ఉరితాడు. మెడ సవ్యంగా ఉండాలంటే గుండీలూ జేబూ వీపు మీదికి పోతాయి. ప్రాణం ముఖ్యం కనుక వీపే మేలనుకున్నాడు. కుదరని రెండు చొక్కాలూ, కత్తిరించగా మిగిలిన ముక్కలూ ఓ దిండుగలీబులో కుక్కి మంచం కింద పడేశాడు.

సోమవారం పొద్దున్న ఎదురింటాయన్ని బతిమాలి గుండీలు పెట్టించుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

మీటింగు హాలు చూసి రంగనాయకులుకు కాస్త ధైర్యం వచ్చింది. తన ఒక్కడి ఖర్మే కాదు. కోటిలింగం కర్టెన్ గుడ్డతో పంట్లాం కుట్టుకొచ్చాడు. కాళ్ళు రెండూ సరిగానే వచ్చాయిగానీ కూర్చోవడానికి గుడ్డ వదల్లేదు. అందుకని నిలబడే ఉన్నాడు. ఆరోగ్య విభాగం ఆయన చొక్కాలో తల దూర్చి, బయటికి రాక, లోపల్నుంచే హాజరు పలికాడు. పట్టణ ప్రణాళిక మేడమ్ గారి జాకెట్టుకు ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకోటి మణికట్టు దాకా ఉంది. అక్రమ కట్టడమని వెనకనుంచి ఎవరో గొణిగారు. అటెండరు సింహాచలం మాత్రం లుంగీ అంచు కుట్టుకుని నిమ్మళంగా నిలబడ్డాడు.

దివాకరబాబు గారు ఒక్కొక్కరినీ పరికించి చూస్తూ వచ్చారు. రంగనాయకులు దగ్గర ఆగారు.

"వెనక్కి తిరగండి."

తిరిగాడు. తన ఉద్యోగం ఆ వీపుతోనే పోయిందనుకున్నాడు.

"జేబు వీపు మీద ఎందుకు పెట్టారు?"

నిజం చెబితే బుద్ధిహీనుడవుతాడు. అబద్ధం తోచలేదు. కోటిలింగానికి జాలేసింది. "ఏదో ఆలోచించే పెట్టి ఉంటాడండి," అన్నాడు.

కమిషనరు గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే పథకం పుడుతుందని అందరికీ తెలుసు.

"అర్థమైంది. ఉద్యోగి చేయి ఈ జేబులోకి పోజాలదు. చేయి పోజాలని జేబులోకి లంచము పోజాలదు. మిత్రులారా, ఇది వస్త్రము కాదు. ఇది పారదర్శక పరిపాలన."

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటారు. రంగనాయకులు చేసిన తప్పు కమిషనరు గారి నోట్లోంచి వచ్చేసరికి విధానమైపోయింది. చొక్కాను అక్కడికక్కడే విప్పించి, ఆస్తుల రిజిస్టరులో 'నమూనా వస్త్రము' అని ఎక్కించి, వరండాలో క్రీడల కప్పులుండే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇకమీద కుట్టే ప్రతి చొక్కాకూ జేబు వీపు మీదే ఉండాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. రంగనాయకులు సింహాచలం తువ్వాలు కప్పుకుని ఇంటికెళ్ళాడు. అయినా గుండె పొంగిపోతూనే ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చేసిన పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

తాయారు తిరిగొచ్చింది. అక్కగారు పెట్టిన చీర దాచుకుందామని ట్రంకుపెట్టె తెరిచింది. పైన ఉండవలసిన పంచె అడుగున కనిపించింది. అడుగున ఉండవలసింది ఎక్కడా కనిపించలేదు.

"ఏవండీ, నా మధుపర్కాల చీరేది?"

రంగనాయకులుకు అప్పుడు తెలిసింది. పీటల మీద ఆవిడ కట్టుకున్న తెల్ల నూలుచీర. ఆ పసుపు పప్పుది కాదు, తలంబ్రాలది. ఆయన మంచం కిందినుంచి దిండుగలీబు తీసి ఆవిడ ముందు పెట్టాడు. తాయారు ముక్కలన్నీ నేలమీద పరుచుకుని కూర్చుంది. ఒక్కొక్కటే చేత్తో సాపు చేసింది.

"కొంగేది?" అంది.

"జేబైంది."

"ఆ కొంగే కదండీ మీ ఉత్తరీయానికి ముడేసింది. ఆ ముడి విప్పేదాకా మీ వెనకే నడిచాను." చేతిలోని ముక్క కింద పెట్టింది. "ఎన్నిసార్లు చెప్పాను మీకు. నేను ముందు పోతే నన్ను ఆ చీరలోనే పంపించండని. అంతకంటే మిమ్మల్ని ఏమైనా అడిగానా?"

అడగలేదు. అది నిజం. రంగనాయకులుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొరపాటైపోయిందన్నాడు, రేపే పట్టుకొస్తానన్నాడు. తాయారు గోడవైపు తిరిగింది. "అది ఇంటికొచ్చినరోజే నేను ఈయనతో మాట్లాడేది," అని గోడకు చెప్పింది. ఆనాటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ గోడకే. "పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమను," అనేది. రంగనాయకులు కూడా గోడకే సరిపోయిందని చెప్పేవాడు.

మర్నాడు కోటిలింగం దగ్గరికెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "సార్, ఆ చొక్కా నాకిచ్చెయ్యండి. అది మా ఆవిడ పెళ్ళిచీర."

"పూర్వాశ్రమంలో చీర," అన్నాడు కోటిలింగం. "ప్రస్తుతము అది ఆస్తి. ఆస్తిని ఇంటికి పంపజాలము."

"పోనీ కుట్లు విప్పి జేబు ఒక్కటే ఇప్పించండి."

"కుట్లు విప్పుట విధ్వంసము కిందికి వచ్చును." కోటిలింగం ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "రంగనాయకులూ, నా మాట విని ఊరుకో. నేను ఇప్పటికీ కూర్చోలేకపోతున్నాను. ఎవరితో చెప్పుకోను?"

ఈలోగా పథకం ఊపందుకుంది. ఆఫీసులో అందరి చొక్కాలకూ గుండీలు వెనకే కనుక ఎవరి గుండీలు వాళ్ళు పెట్టుకోలేరు. అందుకని సింహాచలానికి గేటు దగ్గర గుండీల డ్యూటీ వేశారు. జేబులూ వెనకే. మొదట్లో ప్రజలు కాస్త తడబడ్డారు. పని కావాలంటే ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కానీ మన ప్రజలు తెలివైనవాళ్ళు. గుమస్తా ముందు కాగితం పెట్టి, చుట్టూ తిరిగి వెనక్కెళ్ళి, వీపు మీది జేబులో పెట్టవలసింది పెట్టి, మళ్ళీ ముందుకొచ్చి నమస్కారం పెట్టడం నేర్చుకున్నారు. గుమస్తాలకు ఇదివరకటి జంకు పోయింది. ఎవరు వేశారో చూడలేదు. చేత్తో ముట్టలేదు. దేవుడి మీద ప్రమాణం చేయమన్నా చేస్తారు.

అలా చుట్టూ తిరగడంలో తొక్కిసలాట ఎక్కువై ఓ ముసలాయన పడిపోయాడు. ప్రజలకు ఇబ్బంది కలగరాదని దివాకరబాబు గారు మరో ఉత్తర్వు ఇచ్చారు. కుర్చీలన్నీ తిప్పారు. సిబ్బంది గోడవైపు, వీపులు ప్రజలవైపు. అర్జీ వెనకనుంచి భుజం మీదుగా అందించాలి. కౌంటర్ల ముందు ఇంత చక్కటి క్యూ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. లంచం అడిగిన ఉద్యోగి ఒక్కడూ లేడని దివాకరబాబు గారు పైకి నివేదిక పంపారు. అందులో అబద్ధమేమీ లేదు. అడగవలసిన అవసరమే ఎవరికీ రాలేదు.

రంగనాయకులు జేబులోనూ పడుతున్నాయి. ఇంటికెళ్ళి చొక్కా విప్పితే నోట్లు రాలాయి.

"నా చీర పట్టుకెళ్ళి ఊళ్ళోవాళ్ళ ఉసురు మూటగట్టుకొస్తున్నాడు ఈయన," అంది తాయారు గోడతో.

ఎవరివో తెలియదు కనుక తిరిగివ్వడానికీ లేదు. గుడి హుండీలో వేసొచ్చి, ఆ జేబు మూతి కుట్టేశాడు. మూడోరోజుకల్లా మెమో వచ్చింది. 'మీరు జేబు మూసివేయుటచే కుళాయిల విభాగమునకు వచ్చు ప్రజలు తీవ్ర అయోమయమునకు గురియగుచున్నారు. సంజాయిషీ ఇవ్వవలెను.' మళ్ళీ విప్పాడు. ఆ జేబు విప్పడం మాత్రం విధ్వంసం కిందికి రాలేదు.

గోడతో మాట్లాడీ మాట్లాడీ విసుగెత్తి ఓరోజు తాయారే ఆఫీసుకొచ్చింది. వరండాలో అద్దాల బీరువా ముందు నిలబడింది. చొక్కాకు ఎవరో బంతిపూల దండ వేశారు. కింద బోర్డు. 'నమూనా వస్త్రము. తాకరాదు.' తాయారు అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. రంగనాయకులు గోడవైపు తిప్పిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు కనుక ఆవిణ్ణి చూడలేదు. సింహాచలం చెబితే పరిగెత్తుకొచ్చాడు. కమిషనరు గారు కూడా విషయం తెలుసుకుని బయటికొచ్చారు.

"అమ్మా, మీ త్యాగం చిరస్మరణీయం. గణతంత్ర దినోత్సవం నాడు మీకు 'ఆదర్శ వస్త్రదాత' బిరుదుతో శాలువా కప్పుతాము," అన్నారు.

"శాలువా మీరే ఉంచుకోండి బాబూ. నేను దానం చెయ్యలేదు. అది నా చీర."

"ఒకప్పుడు. ఇప్పుడది ప్రజలది."

"ప్రజల కొంగు కాదు బాబూ అది. నా కొంగు. పోనీ ఆ జేబొక్కటి కోసిచ్చేయండి, మిగతాది మీరే పూజించుకోండి."

దివాకరబాబు గారు నొచ్చుకున్నారు. "అమ్మా, జేబే ఈ పథకానికి ఆత్మ. ఆత్మను తీసివేసి దేహాన్ని ఏం చేసుకోమంటారు?"

"కట్టెల మీద పడుకునేనాటికి నాకూ ఆ సందేహమే వస్తుందండీ," అంది తాయారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. రంగనాయకులు వైపు చూడనైనా చూడలేదు. ఆయన ఆరోజు అన్నం ముట్టలేదు.

ఆ మాట గుచ్చుకున్నాక ఆయనకో దొంగ ఆలోచన వచ్చింది. అచ్చం అలాంటి చొక్కా ఇంకోటి కుట్టి, బీరువాలో దాన్ని పెట్టి, అసలుది తెచ్చేయాలి. పాత పంచె తీశాడు. ఎర్రరంగు అద్ది అంచు తయారుచేశాడు. పప్పు ఒలికించి మరకలు కూడా పెట్టాడు. ఇన్నాళ్ళూ పథకం పేరుతో వారం వారం కుట్టీ కుట్టీ ఆయన చెయ్యి తిరిగింది. కావాలని వంకరగా కుడదామన్నా కుట్టు తిన్నగా వస్తోంది. సింహాచలం ఓ మధ్యాహ్నం బీరువా తాళం తీసిపెట్టాడు. చొక్కాలు మారాయి. అసలుది చంకలో పెట్టుకుని గేటు దాటబోతుండగా కోటిలింగం పిలిచాడు.

"బీరువాలో చొక్కా అసలుది కాదు. చేతుల పొడుగు సమానంగా ఉంది," అన్నాడు.

విచారణ జరిగింది. 'ప్రావీణ్యముతో కుట్టుట ద్వారా కార్యాలయమును మోసగించుట' అనేది నేరం. వంకరగా కుట్టినందుకు సన్మానం పొందినవాడు తిన్నగా కుట్టినందుకు హెచ్చరిక పొందాడు. అసలు చొక్కా మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. రెండో తాళం కూడా వేశారు. నకిలీ చొక్కాను సాక్ష్యం కింద కోటిలింగం బల్ల సొరుగులో పెట్టారు. రంగనాయకులు ఇంటికొచ్చి జరిగిందంతా గోడకు చెప్పాడు. తాయారు గోడతో ఏమీ అనలేదు. ఆ పూట పప్పులో నెయ్యి మాత్రం కాస్త ఎక్కువ వేసింది.

ఏ పథకానికైనా కీర్తి వస్తే చాలు, దాని ఆయువు మూడుతుంది. వీపు జేబుల సంగతి విని ప్రాంతీయ సంచాలకులు గారు స్వయంగా చూడడానికి వచ్చారు. ఆయనకు పూలదండతో పాటు వీపు జేబు చొక్కా ఒకటి తొడిగారు. సింహాచలం గుండీలు పెట్టాడు. సంచాలకులు గారు ఆ చొక్కాతో వరండా అంతా కలయదిరిగి, గోడవైపు తిరిగి కూర్చున్న సిబ్బందిని చూసి, ఏకాగ్రత బాగుందని మెచ్చుకున్నారు. క్యూలో నిలబడ్డ ప్రజలకు అలవాటైన వీపు, అలవాటైన జేబు కనిపించాయి. కొత్త ఆఫీసరేమో, ముందే మంచి చేసుకుందామనుకున్నారు. గెస్టుహౌసుకు వెళ్ళి చొక్కా విప్పేసరికి జేబు నిండిపోయి ఉంది. అదే గదిలో ఆయన్ను కలవడానికి వచ్చిన విలేకరులు ఇద్దరున్నారు.

దివాకరబాబు గారు బదిలీ అయ్యారు. వీడ్కోలు సభలో కళ్ళు మూసుకున్నారుగానీ ఏమీ పుట్టలేదు.

కొత్తగా వచ్చిన కమిషనరు మేడమ్ గారికి కుట్టంటే ఆసక్తి లేదు. ఆవిడ ఉత్సాహం దుమ్ము. వచ్చిన మొదటి రోజే బల్ల మీద వేలితో రాసి చూసి, ఉత్తర్వు ఇచ్చారు. 'ధూళి రహిత కార్యాలయము. పూర్వపు పథకము కింద పోగుపడిన వస్త్రములన్నిటిని తక్షణమే చించి, తుడుచు గుడ్డలుగా వినియోగించవలెను.'

కుట్టు విప్పడానికి అన్నాళ్ళు దొరకని అనుమతి చించడానికి ఒక్క సంతకంతో వచ్చేసింది.

రంగనాయకులుకు ఆ సంగతి తెలిసేసరికి అద్దాల బీరువాలో మళ్ళీ కప్పులున్నాయి. సింహాచలం తలదించుకుని నిలబడ్డాడు. "నన్నేం చేయమంటారు బాబూ, మేనేజరు గారు నిలబడి చింపించారు. అన్ని సెక్షన్లకూ పంచేశాం."

ఆయన సెక్షను సెక్షనూ తిరిగాడు. ఎర్ర అంచు ఉన్న చెయ్యి పన్నుల విభాగంలో కిటికీ తుడుస్తోంది. అడుక్కుని తీసుకున్నాడు. మెడ ముక్క జనన మరణాల కౌంటరులో దొరికింది. వీపు ముక్క జీపు అద్దం మీద ఉంది. జేబు మాత్రం కోటిలింగం బల్ల మీద ఉంది. రెండు పొరల గుడ్డ కనుక సిరా బాగా పీలుస్తుందని ఆయన ఉంచుకున్నాడు. పసుపు మరక పక్కన ఓ నీలం మరక పడింది.

"సార్, అది నాకు కావాలి."

"ఈ తుడుచు గుడ్డ ఈ బల్లకు కేటాయించబడినది. ఊరికే ఇవ్వజాలము," అన్నాడు కోటిలింగం. తర్వాత రంగనాయకులు ముఖం చూశాడు. సొరుగు లాగి, అందులోని నకిలీ చొక్కా బయటికి తీశాడు. "ఇది ఎవరికీ కేటాయించలేదు. ఇది చించి నాకిచ్చి అది తీసుకో. గుడ్డకు గుడ్డ. లెక్క సరిపోతుంది."

తిన్నగా కుట్టిన ఆ చొక్కాను రంగనాయకులు తన చేతులతోనే చించి ఇచ్చాడు. ఏమాత్రం బాధ కలగలేదు.

ఇంటికొచ్చి ముక్కలన్నీ గోడ ముందు పెట్టాడు. ఇప్పటికి మాట్లాడవలసింది గోడతోనే కదా. "తెచ్చాను. చీరగా తేలేకపోయాను," అన్నాడు.

తాయారు వచ్చి కూర్చుంది. జేబు చేతిలోకి తీసుకుని సిరా మరక మీద వేలు రాసింది. దిండుగలీబు తెచ్చి పాత ముక్కలు కూడా కలిపింది. సూదిపెట్టె తెచ్చింది. రెండు సూదుల్లో దారం ఎక్కించి ఒకటి ఆయన వైపు జరిపింది. ఆయన ఎక్కించడం తనకూ వచ్చని చెప్పబోయి ఊరుకున్నాడు. సాయంత్రాలన్నీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ముక్కకు ముక్క అతికి బొంత కుట్టారు. ఆయన కుట్టిన వరసలు తిన్నగా వచ్చాయి. ఆవిడవి కాస్త వంకరపోయాయి, కళ్ళు మసకేశాయి కదా మరి. జేబును ఎక్కడ పెట్టాలన్నదొక్కటే తేలలేదు. ఈసారి రంగనాయకులు సాహసించలేదు. సూది పక్కన పెట్టి కూర్చున్నాడు.

తాయారు బొంతను తన ఒళ్ళో కప్పుకుని, జేబును అటూ ఇటూ జరిపి, సరిగ్గా గుండెల మీదికి వచ్చే చోట ఆపింది. ఎన్ని నెలలకో ఆయన ముఖంలోకి చూసి మాట్లాడింది.

"ఇక్కడ కుట్టండి. నేను పోయినప్పుడు దీన్నే కప్పండి. జేబు పైకుండాలి, తెలిసిందా? ఓ నాలుగు నోట్లు కూడా వేసి పంపండి."

"అక్కడ నోట్లెందుకే పిచ్చిదానా?"

"చిత్రగుప్తుడి ఆఫీసులో కూర్చునేది మీబోటి గుమస్తాలే కదండీ," అంది తాయారు. "మీరొచ్చేదాకా నన్ను గుమ్మంలోనే నిలబెడితే ఏం చేయను?"

రంగనాయకులు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సూది తీసుకుని, నాలుగు వైపులా కుట్టుకు చోటు వదిలి, జేబు మూతి తెరిచే ఉంచి కుట్టాడు.